గొంతు పెద్దదైన వకీలు

ఏ జిల్లా కోర్టు ఆవరణయందైనను వేపచెట్టు నీడను ఒక పూట నిలిచి, వాయిదాకు వచ్చిన కక్షిదారుల ముచ్చటలు చెవియొగ్గి వినినవానికి, మన జనులు వకీలు యోగ్యతను దేనితో కొలుచుచున్నారో బోధపడకపోదు. ‘మా ప్లీడరుగారు లేచినాడంటే హాలు దద్దరిల్లవలసిందే’ అని ఒకడు మీసము దువ్వును. ‘ఆ సాక్షిని మూడు చెరువుల నీళ్లు త్రాగించినాడు’ అని వేరొకడు తానిచ్చిన ఫీజు అప్పుడే వసూలైనట్లు మురిసిపోవును. మెల్లగా నాలుగు ప్రశ్నలడిగి కూర్చుండిన ప్లీడరుగారి కక్షిదారు మాత్రము, తీర్పు రాకముందే సగము ఓడినవానివలె తల వ్రేలవేసికొని, సాయంకాలమునకు వకాలతు మార్చు ఆలోచనలో పడును. ఈ అభిప్రాయము పామరులదే యైనచో దీనిని ఖండింప పూనుకొనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుటయే యగును. కాని, నల్లకోటు తొడిగి మూడేండ్లు నిండని జూనియర్లును, వారికి ఉపదేశము చేయు సీనియర్లలో పెక్కురును, లా కాలేజీలలో బహుమానములు పంచువారును, చలనచిత్రములలో బల్లగ్రుద్ది ‘యువరానర్’ అని కేకవేయు కథానాయకుని సృష్టించువారును ఏకకంఠముగా చెప్పునది ఇదియే: వాగ్ధాటియే వకీలునకు సర్వస్వమనియు, క్రాసు పరీక్షయనగా సాక్షిని చీల్చి చెండాడుటయే యనియు, వ్యాజ్యము గెలుపోటములు తుదివాదమునాటి ప్రసంగముతో తేలిపోవుననియు. ఈ మతము నేటి మన విచారణ న్యాయస్థానముల స్థితికి ముమ్మాటికి విరుద్ధమనియు, దీనిని నమ్మి నడచు వకీలు తెలిసియో తెలియకయో తన కక్షిదారునకే ద్రోహము చేయుచున్నాడనియు నేను వాదింపదలచితిని.

ఈ మతము పుట్టినచోట దానికి కొంత ఆధారము లేకపోలేదు. ఇంగ్లండునందును అమెరికాయందును ఘోరనేరముల విచారణలో దోషనిర్ణయము సాధారణముగా జూరీది. ఊరిలోనుండి పిలిపింపబడిన పన్నెండుగురు సామాన్యులు, చట్టము చదువనివారు, సాక్షి ముఖమును చూచి, వకీలు మాటను విని, కొలది దినములలో తమ నిర్ణయమును చెప్పి ఇండ్లకు పోవుదురు. కారణములు వ్రాయవలసిన పని వారికి లేదు. అట్టివారి యెదుట మాటకు ఎంత బలముండునో చెప్పనక్కరలేదు. విచారణకళను బోధించు పాశ్చాత్య గ్రంథములలో అధికభాగము ఆ పన్నెండుగురిని దృష్టియందుంచుకొని వ్రాయబడినవే. మన దేశమునను ప్రెసిడెన్సీ నగరములలోను, కొన్ని జిల్లాలలోను జూరీ ఉండెను. 1959లో బొంబాయి సెషన్సు కోర్టున నావికాదళ కమాండరు నానావతి విచారణలో జూరీ సభ్యులు ఎనిమిదిమంది నిర్దోషి యనగా ఒక్కరు మాత్రము కాదనిరి. సెషన్సు జడ్జి ఆ నిర్ణయమును అంగీకరింపక హైకోర్టునకు నివేదించెను, హైకోర్టు శిక్ష విధించెను, 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను స్థిరపరచెను. జూరీని ఆ కేసే చంపినదని లోకము చెప్పుకొనును గాని, అంతకుముందే, 1958లో, లా కమిషను తన 14వ నివేదికయందు జూరీని ఎత్తివేయుటయే మేలని సిఫారసు చేసియుండెను. 1974 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడులో జూరీకి చోటే లేకపోయెను. ఆ దినము మొదలు నేటివరకు, జూరీని కరగించుటకై పుట్టిన విద్యను జూరీయే లేని హాలులో ప్రదర్శించుచున్న మన వాగ్మి, వరుడు లేని పెండ్లిపందిట బాజాలు మ్రోగించుచున్నాడు.

నేడు వకీలు ఒప్పింపవలసిన శ్రోత యొక్కరే, ఆ శ్రోత న్యాయాధికారి. చాంతాడంత కాజ్‌లిస్టు ఎదుట పెట్టుకొని, ఉదయమునుండి బెయిలు దరఖాస్తులు, వాయిదా మెమోలు, హాజరు పట్టీలు చూచి చూచి అలసియున్న ఆయన, అట్టి గర్జనలను వారమంతయు వినుచునేయున్నాడు. అంతకంటె ముఖ్యమైన మాట వేరొకటి కలదు. ఆయన తీర్పు వ్రాయవలెను. ప్రతి నిర్ణయమునకును కారణము చూపవలెను. ఆ కారణమునకు రికార్డునందు ఆధారము చూపవలెను. ‘ముద్దాయి తరపు వకీలు ప్రసంగము నా మనస్సును కదలించినది’ అని ఏ జడ్జియు తీర్పునందు వ్రాయజాలడు. ‘పి.డబ్ల్యు.2 (ప్రాసిక్యూషను రెండవ సాక్షి) తన క్రాసు పరీక్షలో ఫలానా సంగతి ఒప్పుకొన్నాడు’ అని మాత్రము వ్రాయగలడు. కావున ఆయన కలమునకు అందుబాటులో ఆ ఫలానా సంగతిని ఉంచుటయే ఒప్పించుట. తక్కినది ఆవరణలోని శ్రోతలకు వినోదము.

ఈ రికార్డు ఎట్లు తయారగుచున్నదో దగ్గర నిలిచి చూడుడు. సెషన్సు విచారణలలో సాక్ష్యమును సాధారణముగా కథనరూపమున వ్రాయవలెనని కోడే చెప్పుచున్నది; ప్రశ్న ప్రశ్నగా, జవాబు జవాబుగా వ్రాయుట న్యాయాధికారి యిష్టము. సాక్షి తెలుగున చెప్పును. జడ్జి పెక్కుమార్లు ఆంగ్లమున చెప్పుచుండగా టైపిస్టు టైపు చేయును. వకీలు కన్నులెఱ్ఱజేసిన సంగతి, సాక్షి తడబడి చెమటలు గ్రక్కిన సంగతి, హాలులోనివారు నవ్విన సంగతి ఆ కాగితముపైకి ఎక్కవు. సాక్షి నడవడినిగూర్చి జడ్జి తన అభిప్రాయమును వ్రాసికొనుటకు అధికారము కలదు గాని, అట్లు వ్రాసిన డిపోజిషన్లను వెదకి పట్టుకొనవలసినదే. ముప్పావుగంట ఉరిమిన క్రాసు తరువాత మిగులు పుట ఎట్లుండును? ‘ఆ రాత్రి మా వీధిలో దీపము వెలుగుట లేదంటే నిజం కాదు. నేను ముద్దాయిని గుర్తుపట్టలేదంటే నిజం కాదు. ముద్దాయి అన్నతో మాకు గట్టుతగవు ఉన్నందువల్ల అబద్ధము చెప్పుచున్నానంటే నిజం కాదు.’ ఇంతే. సాక్షి కాదన్న సూచన సాక్ష్యము కాదని చట్టము మొదటిమెట్టున చదివినవానికిని తెలియును. వకీలు గొంతు చించుకొని సంపాదించినది ఏమనగా, ప్రాసిక్యూషను కథను సాక్షి మరల మూడు మార్లు గట్టిగా చెప్పిన రికార్డు.

ఇక ఆ సాక్షిని స్వయముగ చూచి, ఆ గర్జనను స్వయముగ వినిన జడ్జియే తీర్పు చెప్పునను నమ్మకమైనను కలదా? అదియు లేదు. నడుమ బదిలీ కావచ్చును. పాత కోడు 326వ సెక్షను, 1978 సవరణ తరువాత, సెషన్సు జడ్జి విషయమునను ఒక మాట స్పష్టముగా చెప్పినది: ముందున్నవారు వ్రాసికొన్న సాక్ష్యముమీద వెనుక వచ్చినవారు తీర్పు చెప్పవచ్చును. అప్పీలులో హైకోర్టు చూచునది పేపరు బుక్కును మాత్రమే. మీ వాగ్ధాటిని వినినవారు వేరొక జిల్లాలో ఉందురు. తీర్పు వ్రాయువారి యెదుట ‘అంటే నిజం కాదు’ లు వరుసగా నిలిచియుండును.

దీనికి ప్రతిగా, అదే కేసులో ప్రాసిక్యూషను కాగితములను ముందు రాత్రి తీరికగా చదివిన వకీలు ఏమి చేయును? సంఘటన స్థలపు రఫ్ స్కెచ్చిని విప్పి చూచును. అందు ఇండ్లు ఉన్నవి, మురుగుకాలువ ఉన్నది, చింతచెట్టు ఉన్నది, విద్యుత్ స్తంభము లేదు. పంచనామాలో మధ్యవర్తులు స్తంభమును పేర్కొనలేదు. ఈ సంగతి కనిపెట్టిన వకీలు కంటితో చూచినానను సాక్షిని దీపమునుగూర్చి ఒక్క మాటయు అడుగడు; అడిగినచో, ‘స్తంభమున్నది, పోలీసువారు వేయ మరచినారు’ అని చెప్పుకొనుటకు తానే దారి చూపినవాడగును. అతడు దర్యాప్తు అధికారి బోను ఎక్కువరకు ఓపికపట్టి, సాధారణ స్వరముతో అడుగును: స్కెచ్చి తామే గీసితిరా? స్థలమునందు కనిపించిన ముఖ్యవిషయములనన్నిటిని చూపితిరా? అందు విద్యుత్ స్తంభము చూపబడినదా? మూడు జవాబులును రికార్డు కెక్కును. హాలు దద్దరిల్లదు, కక్షిదారుకూడ ఏమి జరిగినదో గ్రహింపడు. కాని ఆ మూడు వాక్యములు తీర్పునందు ఒక పేరాగ్రాఫు కాగలవు.

వాగ్ధాటి పక్షమువారు ఇచట తప్పక చూపు ఉదాహరణము చిత్తరంజన్ దాసుగారిది. 1909లో ఆలీపూరు బాంబుల కేసులో అరవిందుని పక్షమున ఆయన చేసిన తుదివాదపు ముగింపును నేటికిని విద్యార్థులు కంఠస్థము చేయుదురు. అరవిందుని భవిష్యత్కీర్తినిగూర్చి ఆయన పలికిన మాటలు నిజముగనే ఉదాత్తములు. వానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని, అరవిందుని విడిపించినవి ఆ మాటలే యనుట చరిత్రకు అన్యాయము, దాసుగారికి అంతకంటె అన్యాయము. ఆ కేసులో విచారింపబడిన సాక్షులు 200 మందికి పైబడిరి. దాఖలైన పత్రములు వేలకొలది. మొదట వాదించిన వకీలునకు చెల్లింప నిధులు కరగిపోగా నడుమ ఈ భారము దాసుగారిపై పడెను. ప్రాసిక్యూషను అరవిందునిపై మోపిన ఆధారములలో మిక్కిలి ప్రమాదకరమైనది ఒక చిన్న ఉత్తరము: తమ్ముడు బారీంద్రుడు 1907 డిసెంబరులో, సూరతు కాంగ్రెసు రోజులలో, అన్నకు వ్రాసినట్లు చెప్పబడినది, దేశమంతట ‘మిఠాయిలు’ సిద్ధముగ నుండవలెనని అందున్నది. మిఠాయి యనగా బాంబని పోలీసువారి వ్యాఖ్య.

దాసుగారు ఆ ఉత్తరమును ఆవేశముతో చింపలేదు, అక్షరమక్షరము చదివిరి. అన్నదమ్ములిద్దరును అప్పుడు సూరతునందే యుండగా ఉత్తరము వ్రాయవలసిన పని యేమి? బెంగాలీ కుటుంబమున పుట్టిన తమ్ముడు మూడవ అన్నను ఇంట పిలుచుకొను వరుసతో ‘సేజ్‌దా’ యనక, దొరలపద్ధతిని ‘ప్రియమైన సోదరా’ యని సంబోధించునా? సొంత అన్నకు వ్రాయు చీటి క్రింద ఇంటిపేరుతోసహా పూర్తి సంతకము చేయునా? ఈ ప్రశ్నలు వాగ్ధాటివలన పుట్టినవి కావు. ఒక కుటుంబమున మాటలు ఎట్లు నడచునో ఎరిగి, తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి, ఒక కాగితమును పదిమార్లు త్రిప్పి చూచినందువలన పుట్టినవి. విచారణ చేసిన బీచ్‌క్రాఫ్టు దొర ఆ ఉత్తరమును నమ్ముటకు జంకెను. 1909 మే 6న అరవిందుడు విడుదలయ్యెను. ముగింపు ప్రసంగమే అంత శక్తిమంతమైనదైనచో, అదే విచారణలో, అదే జడ్జిచేత బారీంద్రునకు ఉరిశిక్ష ఏల పడెను? అతనిపై నిలిచిన సాక్ష్యము వేరు గనుక. ఆ వ్యత్యాసమును చూపక, ముగింపును మాత్రము ఒప్పజెప్పించు గురువులు శిష్యులకు పందిరిని చూపి పాదును దాచుచున్నారు.

మన తెలుగుగడ్డపై పుట్టి ప్రివీ కౌన్సిలు దాక పోయిన వ్యాజ్యములే ఈ విషయమున మనకు చాలినంత బోధించును. 1937 మార్చిలో పూరీ స్టేషనున మూడవ తరగతి పెట్టెలో ఒక ఇనుపపెట్టె దొరకెను. అందు ముక్కలు చేయబడిన శవము. చనిపోయినవాడు పిఠాపురము దివానుగారి యొద్ద పనిచేసిన బంట్రోతు. ముద్దాయి ఆ దివానుగారి అల్లుడు, బరంపురవాసి. అదియే పాకాల నారాయణస్వామి కేసు. 1939లో ప్రివీ కౌన్సిలు చెప్పిన తీర్పు, సాక్ష్యచట్టము చదువు ప్రతి విద్యార్థికిని నేటికిని పాఠము. ఆ తీర్పున నిలిచినది ఏమి, కూలినది ఏమి? ముద్దాయి పోలీసులకిచ్చిన వాఙ్మూలము కూలినది. అరెస్టుకు ముందిచ్చినదైనను నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 162వ సెక్షను దానికి అడ్డు. నిలిచినది, ఇల్లు వెడలునప్పుడు భర్త తనతో ఏమి చెప్పెనో చనిపోయినవాని భార్య చెప్పిన ఒక గృహస్థపు మాట: తనకు రావలసిన సొమ్ము తీసికొనుటకు రమ్మని బరంపురమునుండి కబురు వచ్చినందున పోవుచున్నానని. ఆ మాట సాక్ష్యచట్టము 32వ సెక్షను క్రింద చేర్చదగినదని లార్డు ఆట్కిన్ నిర్ణయించెను. దానితోపాటు ఆ పెట్టెను బరంపురమున ముద్దాయి కొరకు కొన్న సంగతి. ఇంతపెద్ద కేసును మోసినవి ఒక ఇల్లాలి మాటయు, ఒక కొనుగోలు వివరమును. ఏ సెక్షను ఏ మాటను లోనికి రానిచ్చును, ఏ మాటను గుమ్మమువద్దనే ఆపును అను లెక్క తెలియనివాని గొంతు ఇక్కడ ఏమి చేయగలదు?

గుంటూరు మండలమునుండి పోయిన పులుకూరి కోటయ్య కేసు అంతకంటె నిత్యోపయోగి. ముద్దాయి చెప్పిన మాటవలన ఒక వస్తువు దొరకినపుడు, ఆ మాటలో ఎంత భాగము సాక్ష్యమగును అనునది ప్రశ్న. ఈటెను ఫలానా గడ్డివామిలో దాచినాను, చూపుదును అనుట చెల్లును. దానితో ఫలానావానిని పొడిచితిని అనుట చెల్లదు అని సర్ జాన్ బోమాంట్ చెప్పిన తీర్పు 1947 నాటి రిపోర్టులలో చేరినది. ఇప్పటికిని కోర్టులలో నేరాంగీకార పంచనామాను ఎగ్జిబిటుగా మార్కు చేయునపుడు, చెల్లు భాగమునే మార్కు చేయుడని లేచి చెప్పవలసినది ఒక్క వాక్యము. ఆ ఒక్క వాక్యము చెప్పక, తుదివాదమున ముప్పది నిమిషములు పోలీసుల దౌర్జన్యమును వర్ణించు వకీళ్లు కలరు. చెల్లని మాట రికార్డున కూర్చుండి జడ్జి కన్ను పడుచుండగా, ఆ వర్ణన యేమి పనికివచ్చును?

ప్రతివాదులు ఇట్లనవచ్చును: క్రాసు పరీక్షలో సాక్షి పూర్వవాఙ్మూలమునకు విరుద్ధముగ చెప్పినపుడు, అతనిని అక్కడికక్కడ నిలదీసి అబద్ధికుడని తేల్చుటకు ధాటి వలదా అని. వలదు, పద్ధతి వలెను. పాత కోడు 161వ సెక్షను క్రింద పోలీసులు వ్రాసికొన్న స్టేట్‌మెంటును చట్టము లోనికి రానిచ్చునది ఆ సాక్షిని ఖండించుటకు మాత్రమే. అందును, సాక్షి దృష్టిని ఆ నిర్దిష్ట వాక్యముపైకి మరల్చి, అట్లు చెప్పితివా లేదా యని అడుగవలెను. కాదన్నచో ఆ భాగమును గుర్తు పెట్టించవలెను. పిదప దర్యాప్తు అధికారి వచ్చినపుడు, ఈ సాక్షి మీయెదుట అట్లు చెప్పెనా యని అడిగి రుజువు చేయవలెను. చెప్పవలసిన ముఖ్య సంగతిని సాక్షి పోలీసులయెదుట చెప్పకపోవుటయు, సందర్భమును బట్టి, వైరుధ్యమే కావచ్చునని విధియున్నది. 1959లో తహసీల్దార్ సింగు కేసున సుప్రీంకోర్టు ఈ దారిని విపులముగ పరిశీలించెను. సాక్ష్యచట్టము 145వ సెక్షను ఇప్పుడు, 2024 జూలై 1 నుండి, కొత్త అధినియమమున 148 అయినది. అంకె మారినది గాని పని మారలేదు.

ఇక నిత్యము జరుగునది చూడుడు. ఉరుమువంటి వకీలు సాక్షిని ‘నీవు పోలీసులతో ఇట్లు చెప్పలేదు కదా, ఇప్పుడు అబద్ధమాడుచున్నావు కదా’ యని గద్దించును, సాక్షి గిజగిజలాడును, కక్షిదారు ఆనందబాష్పములు తుడుచుకొనును. రెండు నెలలకు దర్యాప్తు అధికారి వచ్చును. ఆ దినము వకీలుగారు వేరొక కోర్టున ఉందురు, జూనియరు చేతిలో కట్ట యుండును గాని, ఏ సాక్షికి ఏ వైరుధ్యమో వ్రాసిన కాగితము ఉండదు. దర్యాప్తు అధికారిని మామూలుగ నాలుగు సూచనలు వేసి పంపివేయుదురు. రుజువుకాని వైరుధ్యము వైరుధ్యమే కాదని తీర్పు చెప్పును. అంతటి గద్దింపును పాడుచేసినది, ఒక పుట కాగితముమీద సాక్షి పేరు, వాక్యము, స్టేట్‌మెంటు పుట, దర్యాప్తు అధికారిని అడుగవలసిన ప్రశ్న అని నాలుగు గడులు గీయని సోమరితనము. వాగ్ధాటిని పూజించునప్పుడు కలుగు మొదటి నష్టము ఇదియే, ఆ నాలుగు గడుల పని నీచమైన గుమాస్తా పనిగ కనిపించును.

సివిలు దావాలలోనైతే ధాటికి ఇంకను తావు తక్కువ. 2002 సవరణ తరువాత ఛీఫ్ పరీక్షయే అఫిడవిటు రూపమున దాఖలగుచున్నది. మన జిల్లాలలో నిత్యము కనిపించు ప్రోనోటు దావాను తీసికొందము. నోటు తేదీ 2012 మార్చి 5 అనియు, దావా వేసినది 2015 జూలై అనియు అనుకొందము. మూడేండ్ల కాలపరిమితి దాటినది. కాని నోటు వెనుక 2014 డిసెంబరు 20న అయిదువందల రూపాయలు చెల్లినట్లు ఒక వ్రాత, క్రింద ప్రతివాది సంతకము. దావా ప్రాణము ఆ రెండు పంక్తులలో నున్నది. ప్రతివాది పక్షపు వాగ్మి, వాది నిజముగ అప్పిచ్చెనా, అతనికి అంత సొమ్ము ఎక్కడిదని గంటసేపు క్రాసు చేయును. సంతకము ఒప్పుకొన్నచో ప్రతిఫలము ముట్టినదను ఊహ వాది పక్షమున నుండునను సంగతి అతనికి జ్ఞప్తికి రాదు. శాంతముగ కక్షిదారుతో కూర్చుండిన వకీలు మాత్రము, ఆ చెల్లు తేదీని చూపి, ‘ఆ రోజు ఎక్కడున్నావయ్యా?’ అని అడుగును. ‘కువైటులో ఉంటిని గదండీ, మరుసటి ఏడు ఉగాదికిగదా వచ్చినది’ అని జవాబు. పాసుపోర్టు ఇంట ట్రంకుపెట్టెలో నున్నది. ఎవరును అడుగలేదు గనుక అతడు చెప్పలేదు. కక్షిదారుకు ఏది ముఖ్యమో తెలియదు. అతడు తన కోపమును చెప్పును, అవమానమును చెప్పును, పొరుగువాని దుర్బుద్ధిని చెప్పును, తేదీని చెప్పడు. దానిని రాబట్టుట వకీలు పని, ఆ పని కోర్టుహాలులో జరుగదు, ఆఫీసుగదిలో రాత్రి తొమ్మిది గంటలకు జరుగును.

సాక్షులతో ముందుగ మాటలాడుటయనగానే, పాఠము చెప్పుటయే యని ముఖము చిట్లించువారు కలరు. ఏమి చెప్పవలెనో నేర్పుట కేవలము పాపము, దానిని సమర్థించువాడు వకీలే కాదు. కాని తన పక్షపు సాక్షిని, ఏమి చూచితివి, ఎక్కడ నిలిచి చూచితివి, అంతకుముందు ఎవరితో చెప్పితివి అని అడిగి వినుటయు, తెలియని సంగతిని తెలియదని చెప్పుటకు జంకవలదని ధైర్యము చెప్పుటయు, కోపము తెచ్చుకొనవలదని హెచ్చరించుటయు విధులే. ఇది చేయని వకీలు, బోనులో సాక్షి నోట కొత్తమాట వినగానే కంగారుపడి, తానే తన సాక్షిని హోస్టైలుగ ప్రకటింపవలసిన గతి తెచ్చుకొనును. ప్రత్యర్థి సాక్షియెడలకూడ మర్యాద తప్పుట వకీలునకు అలంకారము కాదు. అసభ్యమును, అవమానకరమును అగు ప్రశ్నలను నిషేధించుటకు సాక్ష్యచట్టమే కోర్టునకు అధికారమిచ్చినది. పల్లెనుండి వచ్చిన ముదుసలిని బోనులో ఏడిపించినచో, జడ్జి మనస్సు మీవైపు మొగ్గునని ఎవరు చెప్పిరి?

మరియొక ఆక్షేపణ నిజమైనదే, దానిని త్రోసివేయరాదు. పట్టణపు కోర్టులలో ప్రాక్టీసు చేయు వకీలునకు ఒకే దినమున పదికోర్టులలో పదికేసులు. కక్షిదారు ఇచ్చు ఫీజు వాయిదాలెక్కన, పైగా ఆలస్యముగ. రాత్రి కూర్చుండి స్కెచ్చిలు చూచుటకు వేళ ఎక్కడిదని వారు అడుగుదురు. ఈ దుఃస్థితిని నేను కాదనను. కాని ఈ ఆక్షేపణ వాగ్ధాటి గొప్పతనమును స్థాపించునది కాదు. సిద్ధపడుటకు తీరిక లేనందున గొంతును వాడుకొనుచున్నామను ఒప్పుకోలు. ఆ ఒప్పుకోలును విద్వత్తుగ చెలామణి చేయుటయే నాకు సమ్మతము కానిది. ఒక కేసునకు ఇచ్చు పది గంటలలో ఏడు లేకపోయినను, మూడైనను దొరకినచో, వానిని తుదివాదము వ్రాసికొనుటకు కాక తేదీల పట్టిక తయారుచేయుటకు వెచ్చింపుడని మాత్రము నేనందును. ఎఫ్‌ఐఆరు ఎప్పుడు వ్రాయబడినది, మేజిస్ట్రేటునకు ఎప్పుడు చేరినది, శవపంచనామాలో ఎవరి పేరులున్నవి, ఎవరివి లేవు, డాక్టరు గాయముల వయస్సు ఏమని చెప్పెను, ఈ నాలుగింటిని ఒక్క కాగితముపై కాలక్రమమున వ్రాసినచో, పెక్కు కేసులలో మీరు చెప్పవలసిన వాదము దానంతట అదియే కనిపించును.

అట్లైన మాటకు విలువయే లేదాయని ఎవరైనను అడుగవచ్చును. ఉన్నది, మిక్కిలి ఉన్నది; కాని ఆ విలువ ధాటిలో లేదు. జడ్జికి కావలసినది కేసు ఎక్కడ నిలిచియున్నదో ఒక్క నిమిషమున చెప్పు మాట. ఏ పుటలో ఏ పంక్తి చూడవలెనో చెప్పు మాట. తన పక్షమున దుర్బలమైనదానిని తానే ముందు చెప్పి, అది ఎందువలన తన వాదమును కూల్చదో వివరించు మాట. ఓడు వాదమును విడిచిపెట్టుటకు ధైర్యము కావలెను. పది వాదములు చెప్పి అందు రెండు చెల్లనివని జడ్జి కనిపెట్టినపుడు, తక్కిన ఎనిమిదియు ఆయన అనుమానముతోనే వినును. సాక్షి మాట్లాడుచుండగా జడ్జి చెప్పి వ్రాయించు డిపోజిషనును చెవియొగ్గి వినుచు, అర్థము మారినచోట అప్పుడే వినయముతో లేచి సరిచేయించుట ఒప్పించు కళలో సగము. డిపోజిషను ముద్దాయి లేక వకీలు సమక్షమున సాక్షికి చదివి వినిపింపవలెనని కోడు చెప్పినది అందుకొరకే. ఆ వేళ ఫోను చూచుకొనుచు కూర్చుండి, నెల తరువాత తీర్పున అన్యాయము జరిగినదని గోలపెట్టుట న్యాయమా?

మన సాహిత్యమును సాక్షిగ పిలుతునా? గురజాడవారి కన్యాశుల్కమున లుబ్ధావధానులపై వచ్చిన హత్యాభియోగము ఎట్లు తేలినది? చచ్చినదని చెప్పబడిన పెండ్లికూతురు ఆడుపిల్లయే కాదు, వేషము వేసికొని పెండ్లిపీటలమీద కూర్చుండిన మహేశమను కుఱ్ఱవాడు. ఈ సంగతి కేసును చేపట్టిన సౌజన్యారావు పంతులుగారి వాక్చాతుర్యమువలన బయటపడలేదు. మధురవాణి వచ్చి చెప్పినందువలన బయటపడినది. ఆ యింట అసలు ఏమి జరిగినదో తెలిసినవారు వచ్చి నోరువిప్పువరకు, వకీళ్లు చేసిన హడావిడియంతయు వట్టి హడావిడియే. కేసు హత్యయనియే నడచుచుండెను, హతుడు మాత్రము ఎక్కడనో హాయిగ తిరుగుచుండెను. ఆ నాటకమును చూచి నవ్వి యింటికి పోవుచున్నాము గాని, ఎవరిని అడిగినచో అసలు సంగతి తెలియునో ఆలోచింపని వకీలును అపహసించిన ఆ భాగమును మన న్యాయవాదులు పాఠముగ చదివినట్లు కనిపించదు.

ఈ వ్యాధికి మూలము లా కాలేజీలలోనే యున్నది. అచట జరుగు మూట్ కోర్టు పోటీలలో విద్యార్థులకు ఒక టైపు చేసిన కాగితము ఇచ్చి, ఇవియే సంగతులని చెప్పుదురు. సంగతులమీద తగవు లేదు, సాక్షి లేడు, పంచనామా లేదు. కాబట్టి విద్యార్థి చట్టముమీద ఉపన్యాసము నేర్చును. సంగతి ఎట్లు నిర్ణయమగునో నేర్వడు. పిదప మొదటిమారు మేజిస్ట్రేటు కోర్టున అడుగిడినపుడు, అచట నడచునది సంగతుల తగవేనని చూచి, తాను నేర్చిన ఉపన్యాసమును అడ్డదిడ్డముగ ఉపయోగించును. బహుమానములు పంచువారికి ఒక మనవి: మీ పోటీలో ఒక పూట ఉపన్యాసము మానిపించుడు. పేరులు మార్చిన ఒక పాత సెషన్సు కేసు కట్టను, ఎఫ్‌ఐఆరు, పదునాలుగుమంది స్టేట్‌మెంట్లు, శవపంచనామా, పోస్ట్‌మార్టమ్ సర్టిఫికెట్టు, రఫ్ స్కెచ్చి సహితముగ, ప్రతి జట్టు చేతిలోను పెట్టి, సాయంకాలమునకు ఈ కట్టలోని వైరుధ్యములను, ఒక్కొక్కదానిని ఏ సాక్షి ద్వారా రుజువు చేయవలెనో, ఏ ప్రశ్నను ఎవరిని అడుగకూడదో వ్రాసి తెండని చెప్పుడు. ఎవరు ఎంత బిగ్గరగా మాటలాడగలరో ఆ కాగితమునుబట్టి మీకు తెలియదు. ఎవరికి ఒక మనుష్యుని కేసు అప్పగింపవచ్చునో తెలియును.